రెండో పెనుకొండ

యల్లక్కకు సంవత్సరాలు అంకెల్లో గుర్తుండవు, చీరల అంచుల్లో గుర్తుంటాయి. పుట్టిల్లు బుక్కపట్నంలో చెరువు నిండి మరవ పొర్లి పారిన ఏడంటే చేపల అంచు. మొగుడు రామగిరి బంగారు గనిలో పనికి దిగిన ఏడంటే దీపాల అంచు. ఆయన పోయిన ఏడు మాత్రం ఏ అంచూ పుట్టలేదు, ఊళ్ళో అందరూ నేసే చీరలే తానూ నేసింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళకేం కొదవ? కానీ కాగితం మీద గీత గీయకుండా, మనసులోనే అంచు కట్టి మగ్గం మీదికి దించే మనిషి యల్లక్కే అని ఆ వీధిలో పేరు.

ఆ అంచులన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించింది కూతురు ఈశ్వరి. జకార్డు మగ్గాలకు డిజైన్లు గీసి, చిల్లుల అట్టలు కొట్టించి ఇవ్వడం ఆమె వృత్తి. ముందుగదిలో తల్లి మగ్గం, నడిమింట్లో కూతురి కంప్యూటరు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ముప్ఫై దాటినా కూతురికి పెళ్ళి చేయలేదేమని ఎవరైనా సన్నాయినొక్కులు నొక్కితే, "నా బిడ్డ నాకు బరువని మీకు చెప్పినానా?" అని యల్లక్క అక్కడికక్కడే నోరు మూయించేది. ఈశ్వరికి కూడా తల్లిని చూడకుండా పూట గడిచేది కాదు.

ఇక ఆ కంప్యూటరు సంగతి. రెండువేల ఆరులో అందరి ఇళ్ళలో ఉన్న సిస్టమ్ కాదది. ఈశ్వరితో పాలిటెక్నిక్ చదివిన పెనుకొండ జయప్రకాష్ పట్టుబట్టి పెట్టిపోయిన లినక్సు. అందులోకి ఏ ప్రోగ్రామూ తయారుగా రాదు. రాసినవాళ్ళు రాసింది రాసినట్టే, అంటే సోర్సు తెచ్చుకుని, మన యంత్రంలోనే మనం కట్టుకోవాలి. హోటలు పార్శిలు కాదన్నమాట, బియ్యం పప్పూ తెచ్చుకుని మన పొయ్యి మీద వండుకోవడం. పొయ్యేమో నిదానం. పొద్దున ఎక్కిస్తే పొద్దుగూకే వేళకు దిగేది, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. ఇంత తంటా ఎందుకయ్యా అంటే, పాత యంత్రం కూడా పరుగెత్తుతుంది కదా అంటాడు జయప్రకాష్. ఆ యంత్రం పరుగెత్తగా చూసినవాళ్ళు ఎవరూ లేరు గానీ, నడిచేది.

వంట సరే, దినుసులు రావాలి కదా. ఫోను తీగ మీద ఎక్కడెక్కడి దేశాల నుంచో సోర్సు దిగేసరికి తలప్రాణం తోకకు వచ్చేది. అందుకని ముగ్గురు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ధర్మవరంలో ఈశ్వరి, పెనుకొండలో జయప్రకాష్, హిందూపురంలో ఇంటర్నెట్ సెంటరు నడిపే చిన్నప్ప. ఒకరు దించుకున్నదాన్ని మిగతా ఇద్దరూ వాళ్ళ యంత్రంలోంచే ముక్కలు ముక్కలుగా తీసుకుంటారు. మధ్యలో పెద్ద దుకాణమంటూ ఏదీ లేదు. అందరూ ఇచ్చేవాళ్ళే, అందరూ పుచ్చుకునేవాళ్ళే. ఈ పని చేసే చిన్న ప్రోగ్రామును జయప్రకాషే రాసి 'ఇరుగుపొరుగు' అని పేరు పెట్టాడు. తెర మీద ఒక చిన్న కిటికీ, అందులో మూడు ఊళ్ళ పేర్లు. వచ్చే ప్రతి ముక్కకూ వేలిముద్ర లాంటి గుర్తు ఒకటి ఉంటుంది. అది సరిపోతేనే యంత్రం పుచ్చుకుంటుంది, లేకుంటే విసిరికొడుతుంది.

జయప్రకాష్ తల్లి దాసమ్మకు ఒక పట్టింపు ఉంది. ఇరుగింటివాళ్ళు గిన్నెలో కూర పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పోకూడదు, ఏమీ లేకుంటే చిటికెడు చక్కెరన్నా వేసి పంపాలి. ఇది దాసమ్మ ఒక్కదానిదే కాదు, మన ఇళ్ళన్నిటిలో ఉన్నదే. కొడుకు దాన్ని తీసుకెళ్ళి ప్రోగ్రాములో పెట్టాడు. ఎవరి దగ్గర ముక్క పుచ్చుకున్నా, వాళ్ళ దగ్గర లేనిది మన పంపకాల ఫోల్డర్లో ఏముందో వెదికి యంత్రమే తిరిగి పంపుతుంది. ఈశ్వరి దగ్గర సోర్సులు ఎప్పుడూ తక్కువే. పంపడానికేమీ లేక ఆమె యంత్రం గమ్మున ఉండిపోయేది. "మిషనుకు మానమర్యాదలుంటాయా, ఊరుకో ఈశ్వరీ," అని జయప్రకాష్ నవ్వేవాడు. కానీ అభిమానం ఊరుకుంటుందా? ఎప్పుడూ పుచ్చుకోవడమే తప్ప పెట్టింది లేదని ఆమెకు తలకొట్టేసినట్టుండేది. చివరికి ఎవరికీ చెప్పకుండా అమ్మ అంచులున్న ఫోల్డరును పంపకాల్లో చేర్చేసింది. పోయేది నకలే కదా, మన దగ్గరిది మన దగ్గరే ఉంటుంది, తరిగేదేముంది అనుకుంది. తెలివైన పిల్లే, అయినా అలా అనుకుంది.

ఆ తరువాత ఎవరి దగ్గరా ఇంకో ముక్క పుచ్చుకోకముందే, ఆ ఎండాకాలం ఆమె కంప్యూటర్లో డిస్కు పోయింది. డిజైన్లు సీడీల్లో ఉన్నాయి కాబట్టి బతికాయి. సిస్టమ్ మొత్తం జయప్రకాష్ ఇచ్చిన సీడీల నుంచి మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చింది, అమ్మ అంచులను మళ్ళీ పంపకాల్లో పెట్టుకుంది. అన్నీ కుదిరాయి గానీ, జకార్డు బొమ్మలు గీసే ప్రోగ్రాముకు కావలసిన పాత సోర్సు ఒకటి దొరకలేదు. దాన్ని రాసినాయన తన సైటు మూసేసి ఎటో పోయాడు. ముగ్గురి దగ్గరా ఉన్నది అసంపూర్తిగానే, అందరికీ అదే చివరి ముక్క కొరవ. అది లేనిదే ఈశ్వరికి పని లేదు. అట్టల కోసం మగ్గాలవాళ్ళు రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేవారు.

ఒక మిట్టమధ్యాహ్నం. వీధిలో మగ్గాలన్నీ అన్నాల వేళకు ఆగిపోయాయి. యల్లక్క కొంగు పరుచుకుని మగ్గం పక్కనే ఒరిగింది. ఈశ్వరి ఊరికే తెరవైపు చూసింది. కిటికీలో నాలుగు పేర్లున్నాయి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, పెనుకొండ.

ఆ కింది పెనుకొండ నుంచి అడగకుండానే చివరి ముక్క వచ్చేస్తోంది. వేలిముద్ర సరిపోయింది. జయప్రకాష్ ఇంకో యంత్రం పెట్టాడు కాబోలు, వీడి కడుపు చల్లగుండ, అనుకుని ఈశ్వరి సంబరపడిపోయింది. బదులుగా ఇక్కడినుంచి చేపల అంచు పోయింది. అదీ చూసింది. మొదటిసారి తన ఇంటినుంచి గిన్నె నిండుగా పోయిందని తృప్తి పడింది కూడా.

సాయంత్రం ఎదురింటి అంకమ్మ పాత చీరొకటి పట్టుకొచ్చింది. కొంగు దగ్గర చిన్న చిరుగు, సరిచేసి ఇమ్మని. యల్లక్క చీర విప్పి, అంచు మీద వేలు ఆడించి, మెచ్చుకోలుగా తలూపింది.

"బలే ఉండాదే! ఎవురు నేసినారు అంకమ్మా ఇది?"

అంకమ్మ పకపకా నవ్వింది. "నీ చేత్తో నువ్వే నేసిస్తివి గదక్కా, నా పెండ్లికి. బుక్కపట్నం చేపలని నువ్వే చెప్తివి."

"బుక్కపట్నమా? ఆడ మనకెవురుండారు?" అంది యల్లక్క, కూతురివైపు తిరిగి.

ఎండదెబ్బ అనుకుంది ఈశ్వరి. మజ్జిగ తాగించి పడుకోబెట్టింది. మర్నాడు లేచి తల్లి మామూలుగానే మగ్గం ఎక్కితే, ఆ మాట అక్కడితో వదిలేసింది.

తరువాత ఇంకో సోర్సు కావలసి వచ్చింది. కిటికీలో రెండో పెనుకొండ అలాగే ఉంది. హిందూపురం నుంచి నాలుగు రోజులు పట్టే సోర్సు, ఆ పెనుకొండ నుంచి కాఫీ తాగి వచ్చేలోగా దిగిపోయింది. బదులు దీపాల అంచు పోయింది. ఈశ్వరి గ్లాసు తొలిచి లోపలికి వస్తుంటే యల్లక్క గోడముందు నిలబడి ఉంది. అక్కడ తండ్రి ఫోటో, దానికి చందనపు దండ.

"ఏమే, ఈ పటమెవురిది? ఎవురికో యాల దండేసినావు మనింట్లో?"

"నాయన మా!" అంది ఈశ్వరి.

"ఎవురి నాయన?"

భయం అంటే ఏమిటో అప్పుడే మొదటిసారి తెలిసింది ఈశ్వరికి. నడిమింట్లోకి వచ్చి తెరమీద చూస్తే దీపాల అంచు ఫైలు నిక్షేపంగా ఉంది. తెరిచింది. ఒక్క దీపం తగ్గలేదు. చేపల అంచు తెరిచింది. ఒక్క పొలుసు తగ్గలేదు. పోయింది ఇక్కడ కాదు. పోయినది ఎక్కడో ఆమెకు అర్థమవుతూనే ఉంది, అర్థం చేసుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

తల్లికి తోడుగా అంకమ్మను కూర్చోబెట్టి, దొరికిన ప్యాసింజరు పట్టుకుని పెనుకొండ పోయింది. జయప్రకాష్ కంప్యూటరు వాళ్ళ ఇంటి ముందుగదిలోనే.

"ఏం ఈశ్వరీ, ఫోన్ జేసింటే నేనే వచ్చింటి గదా," అంటూ కుర్చీ లాగాడు.

"ఇంకో మిషను పెట్టినావా నువ్వు?"

"ఈ ఒక్కదానికే కరెంటు చాలక సస్తాండా. ఇంకోటా!"

తన తెర చూపించాడు. మూడే పేర్లు. ఈశ్వరి ఎంత చూసినా మూడే. హిందూపురానికి ఫోను చేశారు. చిన్నప్పకు తమాషా చేయడం అలవాటే, అతని పనేమోనన్న ఆశ ఒకటి మిగిలి ఉంది.

"నా కాడ ముగ్గురే కనపడ్తాండారు పాపా," అన్నాడు చిన్నప్ప. "నాలుగోళ్ళు యాడ్నుంచి వస్తారు? మా అమ్మమీద ఒట్టు, నేనేం జేయలేదు." అతని గొంతులో నవ్వు లేదు.

జయప్రకాష్ ఫోను పెట్టేశాడు. "వచ్చిండే ముక్కలు సరిపోయినాయి గదా?" అని అడిగాడు.

"అన్నీ సరిపోయినాయి."

"సరిపోతే వస్తువు సరైందని అర్థం, అంతే. ఇచ్చినోళ్ళు ఎవురనేది అది చెప్పదు ఈశ్వరీ. ఆ పని దానికి నేను పెట్టనే లేదు." అంతలోనే ఏదో తోచి తలెత్తాడు. "నీ కాడ సోర్సుల్లేవు గదా. తిరిగి ఏం పోయింది మరి?"

"అమ్మవి," అంది ఈశ్వరి.

దాసమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. అంతా వినే ఉంటుంది. "మొగం తెలీనోళ్ళ కాడ ఎట్ల పుచ్చుకున్యావు తల్లీ?" అంది. "పుచ్చుకుంటే పెట్టాల గదా."

ఇంటికి పోయి ముందు ఫోను తీగ పీకెయ్యమన్నాడు జయప్రకాష్. తిరుగు రైల్లో కిటికీ పక్క కూర్చున్నా ఈశ్వరికి బయట ఏమున్నదీ కనబడలేదు. ధర్మవరంలో దిగి ఇంటిదాకా దాదాపు పరుగెత్తింది. కంప్యూటరు ఆపకుండా పోయిన సంగతి దారిలో గుర్తొచ్చింది. అంత వేగంగా దిగుతున్నాయి కదా అని, ఆ పొద్దున సిస్టమ్‌కు కావలసినవన్నీ ఒక్కసారే అడిగి పెట్టింది తాను. అవి ఒకటొకటిగా వస్తూనే ఉంటాయి.

యల్లక్క మగ్గం ముందు కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, పోగును అటూ ఇటూ మోసే నాడె పక్కన పడి ఉంది. అంకమ్మ ఏడుపుమొహంతో లేచి వచ్చింది.

"పొద్దున్నుంచీ అట్లే కూచోనుండాది ఈశ్వరీ. నాడె చేతికిస్తే ఇదేందని అడుగుతాంది."

"ఏమే, వచ్చినావా?" అని యల్లక్క కూతురిని చూసి చిన్నపిల్లలా నవ్వింది. "ఇది మనదేనా? ఎట్ల నేస్తారే దీన్ని?"

ఈశ్వరి లోపలికి పోయి ఫోను తీగ పీకేసింది. పైనున్న పెనుకొండ చెరిగిపోయింది. హిందూపురం చెరిగిపోయింది. మిగిలినవి రెండు పేర్లు, ధర్మవరం, దాని కింద పెనుకొండ. తీగ ఆమె చేతిలోనే ఉంది. ముక్కలు వస్తూనే ఉన్నాయి, మిగిలిన చివరిది, మామిడిపిందెల అంచు, పోతూనే ఉంది. ఆమె చెయ్యి చాచి గోడ స్విచ్చి ఆపేసింది. తెర నల్లబడ్డాక ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. మగ్గం చప్పుడు లేని ఆ ఇల్లు ఆమెకు తన ఇల్లులా అనిపించలేదు.

ఆపితే ఆగింది గానీ, పోయినవి తిరిగి రాలేదు. వారం గడిచింది. డాక్టరు తలకు ఫోటో తీయించి, వయసు అన్నాడు, మాత్రలు రాశాడు. యల్లక్కకు ఇప్పుడు పుట్టిన ఊరు లేదు, కట్టుకున్న మనిషి లేడు, చేతిలో పని లేదు. ఉన్నది కూతురొక్కతే. ఈశ్వరి పక్కకు తప్పుకుంటే చాలు, బెదిరిపోయి పిలిచేది. అమ్మ అన్నం ముద్దవైపు చూసి ఎవరో పెట్టిన కొత్త పదార్థంలా వాసన చూసిన రోజున ఈశ్వరి కంప్యూటరు ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, స్విచ్చి వేసింది.

ఫోను తీగ పెట్టలేదు. అవసరం లేదని తెలుసు. రెండో పెనుకొండ కాచుకుని ఉన్నట్టే ఉంది. ఆ పేరు మీద నొక్కితే దాని దగ్గరున్నవన్నీ కనబడ్డాయి. చేపలు, దీపాలు, మామిడిపిందెలు, అమ్మ అంచులన్నీ. ఇరుగుపొరుగు కదా, దాని దగ్గరున్నది ఎవరైనా అడగవచ్చు. అడిగింది. 'నీ దగ్గర ఉన్నదే కదా' అని యంత్రం నిరాకరించింది. తిరిగి రావాలంటే తన దగ్గరిది ఉండకూడదు. ఈశ్వరి ఒక్కొక్క అంచునూ తన చేతులతోనే తుడిచేసింది. అంచుల సీడీలు విరిచేసింది. అమ్మ ఆయుష్షంతా ఇప్పుడు ఆ ముఖం తెలియని ఇంట్లోనే ఉంది.

ఇక బదులు ఏం పెట్టాలి? ఇది ఆమె ఆ వారమంతా ఆలోచిస్తూనే వచ్చింది. అమ్మవి పోతే అమ్మ మరిచిపోయింది. ఎవరివి పోతే వాళ్ళు మరిచిపోతారు. అలాగైతే నావి పెడతాను అనుకుంది. తన ఫోటోలు స్టూడియోలో స్కాన్ చేయించినవి ఉన్నాయి. ఉయ్యాల్లో పడుకున్నది, బోసినోటితో నవ్వుతున్నది, చెవులు కుట్టించిన రోజు ఏడుస్తున్నది, పలక పట్టుకుని బడికి బయల్దేరినది. వాటిని పంపకాల ఫోల్డర్లో పెట్టి, ఇంకేవీ లేకుండా చూసుకుంది. చెవులు కుట్టించిన రోజు మరిచిపోతే నాకేం నష్టం? అమ్మ నాకు మళ్ళీ చెప్తుంది, ఎన్నిసార్లయినా చెప్తుంది. అలా అనుకున్నాక ఆమెకు ధైర్యం వచ్చింది. మీట నొక్కింది.

చేపలు వచ్చాయి. ఉయ్యాల పోయింది. దీపాలు వచ్చాయి. బోసినవ్వు పోయింది. ఈశ్వరి కళ్ళు మూసుకుని తనను తాను తడుముకుంది. చెవులు కుట్టిన కంసాలి పోతులయ్య చల్లటి వేళ్ళు గుర్తున్నాయి. బడి గుమ్మంలో ఏడవడం గుర్తుంది. ఇంకా పోలేదేమో, కాసేపటికి పోతుందేమో అని ఎదురుచూసింది. అన్ని అంచులూ వచ్చేశాయి. అన్ని ఫోటోలూ పోయాయి. ఈశ్వరికి అన్నీ గుర్తే ఉన్నాయి. కిటికీలో ధర్మవరం ఒక్కటే మిగిలింది.

ముందుగదిలో మగ్గం చప్పుడు మొదలైంది.

ఆ చప్పుడు విని ఈశ్వరి ఆనందంతో లేచింది. పరుగున పోయింది. యల్లక్క కాళ్ళు మగ్గం గుంటలో ఆడుతున్నాయి, నాడె ఇటూ అటూ చేతికి అందుతోంది. పూర్వం ఎలా నేసేదో అలాగే నేస్తోంది. మొగుడి ఫోటోకు అప్పుడే బొట్టు పెట్టినట్టుంది, వేలికి కుంకుమ ఇంకా ఉంది.

"అమ్మా!"

యల్లక్క నాడె ఆపి తలెత్తింది. ముఖం తేటగా ఉంది. గుమ్మంలోకి వచ్చినవాళ్ళను ఎవరినైనా ఆదరించినట్టే నవ్వింది.

"రా తల్లీ, కూచో. చీరలు చూసేదానికి వచ్చినావా? ఎవురింటి పిల్లవి నువ్వు?"

ఈశ్వరి నిలబడ్డచోటే కూలబడింది. ఉయ్యాల్లో పడుకున్న బిడ్డకు ఉయ్యాల గుర్తుంటుందా? బోసినోరు గుర్తుంటుందా? అవన్నీ జ్ఞాపకం పెట్టుకుని దాచినది ఎవరు? తన ఫోటోలు తనవే అనుకుంది పిచ్చిది. వాటిని వెనక్కి అడుగుదామన్నా బదులు పెట్టడానికి అమ్మది కానిది ఆమె దగ్గర ఒక్కటీ లేదు. అడగడానికి ఆ పేరూ ఇప్పుడు లేదు.

"అయ్యో, ఏమాయ తల్లీ? ఎండన పడి వచ్చినట్టుండావు," అని యల్లక్క మగ్గం దిగి వచ్చి, చెంబుతో నీళ్ళు ఇచ్చి, ఆమె తల నిమిరింది. ఆ చెయ్యి ఎప్పటి చెయ్యే. పక్కనే కూర్చుని, అడగకపోయినా తన అంచుల కథలన్నీ వరసగా చెప్పింది. బుక్కపట్నం చెరువు మరవ పారడం, రామగిరి గనిలోకి మొగుడు దీపం పట్టుకుని దిగడం, అన్నీ. ఒక్కచోట కూడా తడబడలేదు. ఈశ్వరి నీళ్ళు తాగకుండా చెంబు పట్టుకుని వింది.

"మా ఆయనకు ఆడబిడ్డంటే శానా ఆశ తల్లీ. మాకా బాగ్యం ల్యాకపాయ, బిడ్డ మొగం చూడకనే పోయినాడు," అంది యల్లక్క, కళ్ళు ఒత్తుకుంటూ. "నాకంతా గ్యాపకం ఉండాది. ఒక్కటీ మర్సిపోలేదు."